అద్దె కట్టాక అర్థమైన అమృతం

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న భోజనాల దగ్గర ఒక మాటన్నాడు. “అన్నా, అమృతం కామెడీ సీరియల్ అంటే మీ బ్యాచ్ అందరికీ అంత పిచ్చేంటి? యూట్యూబ్‌లో ఒకట్రెండు ఎపిసోడ్లు చూశాను. బానే ఉంది, కానీ మీరు చెప్పేంత లేదు. చిన్నప్పుడు చూశారు కాబట్టి మీకలా అనిపిస్తుంది, అంతే.” ఇంకేముంది, టేబుల్ చుట్టూ ఉన్న ముప్పై దాటినవాళ్ళంతా వాడి మీద పడ్డారు. ఒకడు గొంతు మార్చి అందులోని ఇంటి ఓనరు అప్పాజీలా అరిచాడు. ఇంకొకడు టైటిల్ పాట అందుకున్నాడు. మరొకడు హోటల్లో పనిచేసే సర్వం మొహం ఉన్న మీమ్ ఫోన్లో వెతికి చూపించాడు. కుర్రాడు అందర్నీ ఓపిగ్గా చూసి, “నేనన్నదీ అదే కదన్నా” అని పెరుగన్నం కలుపుకున్నాడు.

నిజమే, మేం చేసింది వాదన కాదు, భజన. అప్పట్నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఆ సీరియల్‌ని నేను బడి వయసు నుంచీ చూస్తూనే ఉన్నాను. జ్వరమొస్తే చూస్తాను, రైల్లో నిద్ర పట్టకపోతే చూస్తాను, బట్టలు మడతపెడుతూ చూస్తాను. తర్వాత ఏ మాట వస్తుందో తెలిసి కూడా చూస్తాను. ఇదంతా నాస్టాల్జియా, అంటే చిన్నతనం మీద బెంగేనా? కాదనే నా నమ్మకం. అసలు చిన్నప్పుడు నాకు అమృతం సగమే అర్థమైంది. మిగతా సగం హైదరాబాదులో ఓ రెండో అంతస్తు పోర్షన్‌కి నెలనెలా అద్దె కట్టడం మొదలెట్టాక అర్థమైంది. ఆ సగమే గట్టిదని ఈ పోస్టులో చెప్పదలుచుకున్నాను.

ఆదివారం ఎనిమిదిన్నర

జెమినీ టీవీలో 2001 నవంబరులో మొదలై, 2007 నవంబరులో 313 ఎపిసోడ్లకి ఆగింది. వారానికి ఒక్కటే. కథ తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు అమృత విలాస్ అనే చిన్న హోటలు నడుపుతూ, భార్యలు సంజీవిని, శాంతలతో అప్పాజీ ఇంట్లో అద్దెకుంటారు.

మాది తెనాలి. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరయ్యేసరికి మా వీధిలో అన్ని కిటికీల్లోంచీ ఒకే పాట వినిపించేది. కరెంటు పోతే మాత్రం పెద్ద గొడవ. మాకు పోయినా కాలవ అవతల పెద్దమ్మ వాళ్ళకి ఒక్కోసారి ఉండేది, వాళ్ళ లైను వేరు. చెప్పులు కూడా వేసుకోకుండా అక్కడికి పరిగెత్తేవాళ్ళం. వెళ్ళేసరికి మొదటి యాడ్స్ వస్తుండేవి. “ఏమైంది, ఏమైంది” అని అడిగితే మా పెద్దమ్మ కొడుకు కథ మొత్తం చెప్పకుండా నవ్వు వచ్చిన చోటు మాత్రం చేసి చూపించేవాడు. ఆ లెక్కన కొన్ని ఎపిసోడ్లు నేను టీవీలో కాకుండా మా అన్న మొహం మీదే చూశానని చెప్పాలి.

అప్పట్లో నాకు నవ్వొచ్చింది ఎక్కడెక్కడ? సర్వం తింగరి జవాబు చెప్పినప్పుడు. ఆంజనేయులు భయపడినప్పుడు. అప్పాజీ గట్టిగా అరిచినప్పుడు. ఎవరైనా జారిపడితే ఇక చెప్పక్కర్లేదు. ఆ వయసు పిల్లల్ని నవ్వించడానికి అంత పెద్ద రచయితలేం అక్కర్లేదు. కుర్రాడు నాస్టాల్జియా అన్నది ఈ నవ్వు గురించే అయితే, ఒప్పుకుంటాను. ఈ భాగం ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ళకి అంతగా పట్టకపోవచ్చు.

కానీ అదే గదిలో నాన్న కూడా ఉండేవాడు. ఆయన మేం నవ్వినచోట నవ్వేవాడు కాదు. అమృతం మొహం ఉన్నట్టుండి వెలిగిపోయి “ఒరేయ్, నాకో ఐడియా వచ్చింది” అన్న ధోరణిలోకి దిగుతాడు చూడండి, ఆంజనేయులు మొహంలో అప్పుడే మొదలయ్యే నీరసం, అక్కడ నవ్వేవాడు. అదీ ముక్కుతో, ఒక్కసారి. వంటింట్లోంచి అమ్మ, “చూసుకోండి, మీ కథే వేస్తున్నాడు” అనేది. నాన్న పలికేవాడు కాదు.

నాన్నకీ, మేం బాబాయ్ అని పిలిచే ఆయన స్నేహితుడికీ కలిపి ఒక ఎస్టీడీ బూతు ఉండేది, జనం డబ్బులిచ్చి ఫోన్లు చేసుకునే చోటు. పక్కన జిరాక్స్ మెషీన్. 2003లో సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది, ఆ వర్షాకాలంలోనే ఐదొందల ఒక్క రూపాయికి ఫోను అంటూ ఊరూరా జనం క్యూలు కట్టారు. ఎస్టీడీ పసుపు బోర్డు కింద కూర్చున్నవాళ్ళకి అదెలాంటి సంవత్సరమో ఆ వ్యాపారం చేసినవాళ్ళకే తెలుసు. బాబాయ్‌కి ఐడియాలు వచ్చేవి. కూల్‌డ్రింకులు పెడదాం అన్నాడు, తర్వాత ఇంటర్నెట్ సెంటరు అన్నాడు, ఆ తర్వాత గ్రీటింగ్ కార్డులన్నాడు. డబ్బు సగం సగం, ఉత్సాహం మొత్తం ఆయనది, భయం మొత్తం నాన్నది. ఇప్పుడు ఆలోచిస్తే, నాన్న ఆ సీరియల్‌ని కామెడీగా చూసేవాడో, ఇంకెలా చూసేవాడో నాకు తెలీదు. ఒక్క ఆదివారం కూడా మిస్సవలేదు, అంతవరకు తెలుసు.

అద్దె అడిగే కామెడీ

అప్పటి డైలీ సీరియళ్ళు గుర్తు చేసుకోండి. పెద్ద హాలు, మధ్యలో మెట్లు, మెట్ల మీంచి దిగుతూ ఒకావిడ. అందులో ఎవరైనా అద్దె కట్టారా? కరెంటు బిల్లు ఎంతొచ్చిందని ఎవరైనా అడిగారా? కోట్ల ఆస్తి పోయేది, కోట్ల ఆస్తి వచ్చేది, పాల ప్యాకెట్ డబ్బులు మాత్రం లెక్కల్లో ఉండేవి కావు. సినిమాలో హీరో పేదవాడైనా అంతే. వాడి పేదరికం వాడి చొక్కాలో కనిపించేది కానీ ఒకటో తారీఖున కనిపించేది కాదు.

అమృతంలో కథ ఎటు తిరిగినా డబ్బు దగ్గరికే వస్తుంది. అది కూడా పెద్ద డబ్బు కాదు, ఈ నెల గడిచే డబ్బు. అమృత విలాస్‌కి నలుగురు రావాలి, అప్పాజీ నోరు మూయించాలి, ఇంట్లో ఆడవాళ్ళ ముందు పరువు నిలబెట్టుకోవాలి. అత్యాశ ఉంటుంది కానీ దాని వెనక ఉండేది దురాశ కంటే విసుగు. రోజూ అదే పెనం, అదే అట్టు, అదే గల్లాపెట్టె. దాన్నుంచి ఒక్క దెబ్బతో బయటపడాలని అమృతానికి ఉంటుంది. ముప్పయ్యేళ్ళు దాటి, ఈఎంఐ ఉన్న ప్రతివాడికీ వారంలో ఒక్కసారైనా ఆ రోగం వస్తుంది. మా ఆఫీసులో షేర్ మార్కెట్ గురించి మాట్లాడుకునే ముగ్గుర్ని ఒక పది నిమిషాలు వినండి, అమృతం డైలాగులు రాసుకోవచ్చు.

టైటిల్ పాట సంగతే తీసుకుందాం. కల్యాణి మాలిక్ బాణీ, సిరివెన్నెల మాట. సీరియల్ పేరు అమృతం, పాట మాత్రం ఆంజనేయుల్ని పిలిచి మొదలవుతుంది. ఊరికే ఆయాసపడకురా, మనం ఈదే సంసార సాగరం చెంచాడంత అని ఊరడిస్తుంది. చిన్నప్పుడు అది ఏదో సరదా పాటగా పాడేసేవాణ్ణి. సాగరం దాటడం గురించి మన వేదాంతులు ఎంతో చెప్పారు కదా, సిరివెన్నెల దాన్ని తీసుకొచ్చి కరెంటు బిల్లు, ఇంటద్దె పక్కన కూర్చోబెట్టాడు. నాకు తెలిసి తెలుగు పాటలో ఇంటద్దెకి దక్కిన గౌరవం ఇదొక్కటే. (ఇంకేమైనా ఉంటే కామెంట్లో కొట్లాడదాం.)

అప్పాజీని నేను చాలాకాలం విలన్ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను. నేనున్న పోర్షన్ ఓనరు గారు కూడా నెలాఖరు నుంచే గేటు దగ్గర పూలకుండీలకి నీళ్ళు పోస్తూ కనిపిస్తారు. అడగరు. “ఏం బాబూ, జీతాలు ఎప్పుడిస్తారు మీకు?” అంటారు. ఆయనకి పెన్షన్ లేదు, మా అద్దే ఆధారం. ఒకసారి మా ఇంట్లో నీళ్ళ మోటారు చెడిపోతే ఆయన మమ్మల్ని తిట్టుకుంటూనే సొంత బిందెలు పంపించారు. శివన్నారాయణ చేసిన అప్పాజీలో ఉన్నది ఈ రెండూ. వసూలు చేసే మనిషీ ఆయనే, ఆ ఇంట్లో ఏ తంటా వచ్చినా మధ్యలో నిలబడే మనిషీ ఆయనే. ఓనరు, అద్దెకున్నవాడు ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకుంటూ ఒకే మేడ కింద బతకడం మన ఊళ్ళలో ఎంత మామూలు విషయం! దాన్ని మూడొందల వారాలు నడపగలిగిన కథ ఇంకొకటి నాకు తగల్లేదు.

వచ్చే వారానికి మళ్ళీ మొదటికి

ఇక్కడ నా వాదనకి ఒక చిక్కుంది. దాన్ని నాకు చూపించింది నా రూమ్మేట్, చాలా ఏళ్ళ కిందట. “డబ్బు గురించి అంత నిజాయితీ ఉన్న సీరియలైతే, అప్పులు ఏమవుతున్నాయిరా? ఈ వారం నిండా మునిగినవాళ్ళు వచ్చే వారం ఇస్త్రీ చొక్కాలతో వస్తున్నారు” అన్నాడు. నిజమే కదా. ప్రతి ఆదివారం పలక తుడిచేసినట్టే ఉంటుంది. నాన్న విషయంలో అలా జరగలేదు. బూతు మూసేశాక జిరాక్స్ మెషీన్ కిస్తీలు ఇంకా మిగిలే ఉన్నాయి. బాబాయ్, నాన్న మాట్లాడుకోవడం తగ్గింది. గొడవేం పడలేదు, పెళ్ళిళ్ళలో కలిస్తే పలకరించుకునేవాళ్ళు. వ్యాపారం పోయాక స్నేహం మిగలడం అన్నది టీవీలో తేలిక.

దీనికి నాకు దొరికిన జవాబు పూర్తి జవాబు కాదు, అయినా చెప్తాను. సీరియల్ వెనక్కి తిరిగి వెళ్ళేది ఎక్కడికి? సుఖానికి కాదు. అదే హోటలుకి, అదే అద్దె ఇంటికి, అదే సర్వం దగ్గరికి. మన సినిమాల్లో ఆఖరికి వాడు గెలుస్తాడు. రెండున్నర గంటల కష్టానికి కారో బంగళానో వస్తుంది. ఆరేళ్ళలో అమృతం, ఆంజనేయులు ఎక్కడికీ ఎదగలేదు. అప్పుల్ని తుడిచేసినట్టే లాభాల్నీ తుడిచేశారు రాసినవాళ్ళు. నిజజీవితంలో మధ్యతరగతి వ్యాపారి పదేళ్ళ కష్టం వెనక్కి తిరిగి చూసుకుంటే ఉన్నచోటే ఉన్నట్టు కనిపించడం నేను కళ్ళారా చూశాను. కాబట్టి ఒక్కో ఎపిసోడు అబద్ధమే అయినా మొత్తం మీద బొమ్మ నిజమే అంటాను. రూమ్మేట్ ఒప్పుకోలేదు. “నువ్వు ఫ్యానువి, ఏదో ఒకటి కుదుర్చుకుంటావ్” అన్నాడు. ఆ మాటకి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అమృతాలు ముగ్గురు, ఆంజనేయులు ఒక్కడే

నాస్టాల్జియా వాదం నిజమైతే ఇంకో విషయం జరగకూడదు. శివాజీరాజా అమృతంగా మొదలుపెట్టాడు, తర్వాత నరేష్ వచ్చాడు, ఆ తర్వాత హర్షవర్ధన్. సంజీవిని పాత్రలోనూ మనుషులు మారారు, మొదట ఝాన్సీ. పిల్లలకి మొహాలు ముఖ్యం. ఒక సీరియల్‌లో హీరోనే మార్చేస్తే పిల్లలు చూడ్డం మానేయాలి. మేం మానలేదు. మా అన్న ఒక వారం మూతి ముడుచుకున్నాడు, పై వారం అంతా మామూలే.

ఎవరు అసలైన అమృతం అన్న చర్చలో నాకు ఓపిక లేదు కానీ అడిగితే హర్షవర్ధన్ అంటాను. వాడి ధీమా ఆ పాత్రకి బాగా కుదిరింది, చేతకానివాడి ధీమా. శివాజీరాజా అమృతం పక్కింటి మనిషిలా ఉంటాడు, అతని మీద జాలేస్తుంది. నరేష్ అనుభవమున్న నటుడు, ఆ నేర్పు కనిపిస్తూ ఉంటుంది, అదే కాస్త అడ్డం కూడా. సరే, ఎవరి ఇష్టం వాళ్ళది.

అసలు సంగతేంటంటే, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మారనివాడు ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు. జంధ్యాల సినిమాల రోజుల నుంచీ చిన్న చిన్న వేషాలేస్తూ వచ్చిన నటుడు. సినిమాల్లో ఆయనకి రెండు నిమిషాలు దొరికేవి, ఇక్కడ ఆరేళ్ళు దొరికాయి. అమృతం ఐడియా చెప్తున్నంతసేపూ ఆయన చేసే పని గమనించండి. ఏమీ చేయడు. వింటాడు. వద్దని చెప్పాలన్నది ఒక కంట్లో, చెప్పినా వీడు వినడన్నది ఇంకో కంట్లో. ఆఖరికి వెంట నడుస్తాడు. ఐడియా ఎవడికైనా రావచ్చు, అందుకే ముగ్గురు అమృతాలు నడిచారు. అది తప్పని తెలిసీ స్నేహితుడి కోసం సంతకం పెట్టేవాడు దొరకడం కష్టం. నాన్న నవ్విన నవ్వు ఆ మొహాన్ని చూసే అని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

ఆయన 2018 ఫిబ్రవరిలో పోయారు. రెండేళ్ళకి, 2020 ఉగాది రోజున జీ5 ఓటీటీలో దీని కొనసాగింపు, అమృతం ద్వితీయం వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే, మార్చి 25. జనం ఇంట్లో కూర్చున్నారు, కొత్త అమృతం వచ్చింది, ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదనుకున్నాం. ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్. చాలా మంచి నటుడు, రాయగలిగినవాడు, నాకెంతో ఇష్టం. అయినా మా వాట్సాప్ గ్రూపులో కొన్ని రోజులపాటు నడిచింది ఒక్కటే, “గుండు గారు ఉంటేనా…” అని. సీన్‌లో జోకు ఏమిటో ఎవరికీ పట్టలేదు. హాజరు పట్టీ తీసుకుని పాతవాళ్ళలో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని టిక్కులు పెట్టుకున్నాం. ఆ సీరియల్ బాగుందో లేదో తేల్చడానికి మాలాంటి వాళ్ళు పనికిరారు. కుర్రాడి మాటలో ఎక్కువ నిజం ఉన్నది ఇక్కడే అనిపిస్తుంది. పాతది నచ్చడానికి బాల్యం కారణం కాకపోవచ్చు, కొత్తది నచ్చకపోవడానికి మాత్రం బాల్యమే కారణం.

అంతకుముందు 2014లో ఈ సీరియల్ నిర్మాత గుణ్ణం గంగరాజు స్వయంగా తీసిన ‘చందమామలో అమృతం’ సినిమా సంగతి వేరు. దాంట్లో మనుషులు మారినందుకు నాకు బాధ లేదు. హోటలు పెట్టడానికి చంద్రుడి మీదికి వెళ్ళడమే పేచీ. అద్దె ఇల్లు దాటి అంత దూరం వెళ్ళేసరికి కథ పెద్దదైంది, కష్టం చిన్నదైపోయింది. థియేటర్లో నా పక్కన కూర్చున్న పిల్లలు మాత్రం బాగానే నవ్వారు, అది కూడా చెప్పాలి.

శాంత మాట

ఇప్పుడు చూస్తుంటే ఇబ్బంది పెట్టేవి లేవా అంటే, ఉన్నాయి. ఆకారం మీద, నత్తి మీద, నలుపు మీద ఆ రోజుల్లో ఏ కామెడీలో అయినా సులువుగా పడిపోయే జోకులు ఇందులోనూ అక్కడక్కడా పడ్డాయి. కొన్ని ఎపిసోడ్లు ఇరవై నిమిషాల సరుకుకి చాలా సాగదీసినట్టుంటాయి. పెళ్ళాం అంటే గయ్యాళి, మొగుడంటే పిరికి అన్న పాత సరుకు కూడా బోలెడు. శాంతకి ఆంజనేయులు భయపడటం మీద నడిచిన నవ్వులు నాకు ఇప్పుడు అంత రావట్లేదు.

ఈ మాట మా ఆవిడతో అన్నాను. తనది ఖమ్మం, తనూ ఆదివారం బ్యాచే. నా జాలి తనకి నచ్చలేదు. “శాంతది గయ్యాళితనం అని నీకెవరు చెప్పారు? ఆ ఇంట్లో లెక్క తెలిసిన మనిషి ఆవిడొక్కతే. బియ్యం ఎన్నిరోజులొస్తాయో ఆవిడకి తెలుసు, అమృతానికి తెలీదు. ఆంజనేయులుకి తెలుసు గానీ చెప్పడు. మరి అరవక ఏం చేస్తుంది?” అంది. మా అమ్మ వంటింట్లోంచి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది గానీ బయటికి అనలేదు, మా అమ్మతో పోలిక తనకెప్పుడూ సుఖం కాదు.

నేను అద్దె అద్దె అని ఇంత రాశాను కదా, దాన్ని కూడా తను సగమే ఒప్పుకుంది. అద్దె గురించిన సీరియలే అయితే, అద్దె డబ్బు ఏ డబ్బాలో దాచారో తెలిసిన శాంత, సంజీవిని పక్కకి ఎందుకు పోయారు, నవ్వంతా మగాళ్ళ ఐడియాల చుట్టూనే ఎందుకు తిరిగింది అని తన ప్రశ్న. ఆ మాటకొస్తే రాసినవాళ్ళు ఆవిడ అరుపుని చూపించారు, అరుపు వెనక లెక్కని చాలాసార్లు వదిలేశారు. ఇది సీరియల్‌లో నిజమైన లోటని నేను ఒప్పుకుంటాను. అయినా ఆ లెక్క మా ఆవిడకి కనిపించిందంటే శాంతగా చేసిన రాగిణి నటనలో ఎక్కడో అది ఉండి ఉండాలి. ఇల్లు నడిపే మనిషికి కనిపించి నాకు కనిపించకుండా ఉన్నది ఇంకెంత ఉందో చూద్దామని ఇద్దరం మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. తనకి శివాజీరాజా అమృతమే ఇష్టమట. హర్షవర్ధన్ వచ్చేదాకా నేను నోరు మూసుకోవాలని షరతు.